నాలుగు వేళ్ళ తేడా

“నా కాలికి కట్టు కట్టిందెవరో ముందు అది చెప్పు లోర్నా. బాణం వేసినవాడి సంగతి తర్వాత చూద్దాం,” అన్నాడు ఐనార్ రాంటా.

డిటెక్టివ్ లోర్నా కివెలా కుర్చీని మంచం దగ్గరికి లాక్కుంది. ఆల్డర్ కౌంటీ షెరీఫ్ ఆఫీసులో డిటెక్టివ్‌లు ఇద్దరే. ఈ కేసు రెండో డిటెక్టివ్ గ్రాంట్ పొమరాయ్‌ది. వారం తిరక్కుండానే ముద్దాయి జైల్లో పడ్డాడు, అందరూ ముగిసిపోయిందనుకున్నారు. నిన్న సాయంత్రం షెరీఫ్ మాత్రం ఫైలు తెచ్చి లోర్నా బల్ల మీద పెట్టి, “కోర్టుకు పోయేముందు దీని మీద ఇంకో మనిషి కన్ను పడితే మంచిది,” అన్నాడు.

ఐనార్‌కి అరవై ఎనిమిదేళ్ళు. కలప మిల్లులో పని చేసి రిటైరయ్యాడు. మనిషి ఎంత పొడవంటే ఆసుపత్రి మంచం చివర పాదాలు రెండూ బయటికే ఉన్నాయి. కుడి తొడ చుట్టూ తలగడంత కట్టు. స్పృహ వచ్చినప్పటి నుంచీ కనిపించినవాళ్ళందరికీ థాంక్స్ చెబుతున్నాడు. “ఈయన సూదికి కూడా థాంక్స్ చెప్పి పొడిపించుకుంటాడు,” అంది నర్సు వెళ్తూ వెళ్తూ.

“చెబుతాను. ముందు ఆ పొద్దున ఏం జరిగిందో మీ నోటితో చెప్పండి.”

“ఏముంది, జింకల వేటకి మంచె దగ్గరికి పోతున్నా. ఇంకా తెల్లారలేదు. చెట్ల మొదళ్ళు మాత్రం కంటికి ఆనుతున్నాయి. పైనించి టప్పుమని శబ్దం. తొడ మీద ఎవరో దుడ్డుకర్రతో మోదినట్టు. కిందికి చూసుకుంటే బాణం చివర ఆరెంజ్ ఈకలు.”

“పైనించా?”

“నా మంచె మీంచే. నేను కట్టుకున్న మంచె మీద కూర్చుని నన్నే కొట్టాడు, చూడు.” ఐనార్‌కి నవ్వొచ్చింది, నవ్వితే తొడ నొప్పెట్టి ఆగాడు. “నేను అరిచాను. వాడు దబదబా దిగి రోడ్డు వైపు పరిగెత్తాడు. తర్వాత కళ్ళు మూతలు పడుతుంటే బురదమడుగు వైపు నుంచి ఇంకో మనిషి వచ్చాడు. బూట్లలో నీళ్ళు చప్పుడవుతున్నాయి. బెల్టు తీసి తొడకి బిగించాడు. బిగిస్తున్నంతసేపూ తిట్టాడు. నిద్రపోయావంటే చంపేస్తా ముసలోడా అని.”

“పారిపోయినవాడే భయపడి తిరిగొచ్చాడేమో.”

“రోడ్డు తూర్పున, మడుగు పడమట. అంతలో చుట్టు తిరిగి రావాలంటే వాడికి రెక్కలుండాలి.”

ఫైల్లో ఉన్నది ఒక్క మనిషే. “గ్రాంట్‌కి ఈ మాట చెప్పారా?”

“మొదటి రోజు వచ్చాడు. నాకు మత్తు దిగలేదు. తర్వాత మాట్లాడదామని పోయి మళ్ళీ రాలేదు. మూడుసార్లు కబురు పెట్టాను. అంబులెన్స్‌కి రేడియోలో చెప్పింది అతనే కదా? ఇంకాస్త ఆలస్యమైతే దక్కేవాణ్ణి కాదన్నాడు డాక్టరు. అలాంటి మనిషికి ఎదురుగా ఒక్క మాట చెప్పుకోకపోతే ఎలా? సరే, కట్టు కట్టిందెవరు?”

“బెల్టు కర్టిస్ బోద్రీది. గ్రాంట్ అతన్నే అరెస్టు చేశాడు. బాణం వేసిందీ, భయపడి కట్టు కట్టిందీ అతనేనని కేసు.”

కర్టిస్ పొలం ఐనార్ కంచెకి అవతలే. గాయపడ్డ జింకొకటి కంచె దాటినప్పుడు అది ఎవరిదన్న దగ్గర మొదలైన తగవుతో తొమ్మిదేళ్ళుగా ఇద్దరికీ మాటల్లేవు.

“ముసలోడా అన్నప్పుడే నాకు తట్టాల్సింది,” అన్నాడు ఐనార్. “వాడు నన్ను బతికించాడా? బతికించినందుకు వాణ్ణి లోపలేశారా?”

“మంచె చూసొస్తాను,” అంది లోర్నా లేస్తూ.

“మూడో మెట్టు మీద కాలు పెట్టకు. మేకు వదులైంది. చూడ్డానికి బానే ఉంటుంది, బరువు పెడితే తిరుగుతుంది. బాగు చేద్దాం, చేద్దాం అనుకుంటూనే మంచం మీద పడ్డాను.”

*

జైలు గదిలో కర్టిస్ బోద్రీ కాఫీ కప్పుని రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు. లోర్నా, అతనూ ఒకే బళ్ళో చదువుకున్నారు. పొడుగాటి మనిషి, చేతులు చేటలంత ఉంటాయి.

“ఐనార్ స్థలంలోకి ఎందుకెళ్ళావ్?”

“ముందు రోజు సాయంత్రం కొట్టిన జింక నెత్తురు జాడ పట్టుకుని పోయాను. కంచె దాటింది. అడిగితే ముసలోడు ఒప్పుకోడని చీకట్లోనే దాటాను. అది నా తప్పే. జరిమానా వెయ్యి, కడతాను.”

“మనిషి దగ్గరికెళ్ళావ్, కట్టు కట్టావ్. తర్వాత?”

“అక్కడ ఫోన్ పలకదు కదా. రోడ్డుకి పరిగెత్తాను.”

“రోడ్డు మీద గ్రాంట్‌ని ఆపి చెప్పావ్. అతను అప్పుడే రేడియోలో అంబులెన్స్‌ని పిలిచాడు. రిపోర్టులో అలా ఉంది.”

కర్టిస్ తలెత్తాడు. “నేనా? నేను చెట్లలోంచి బయటపడేసరికి అంబులెన్స్ తలుపులు తీస్తున్నారు. గ్రాంట్ పక్కనే నిలబడి ఉన్నాడు. నేనిక ఎవరికి చెప్పేది? వాళ్ళకి దారి చూపించాను, అంతే. ఈ ముక్క గ్రాంట్‌కి మొదటి రోజే చెప్పాను. అతను రాసుకోలేదు.”

లోర్నా వరండాలోకి వచ్చి అంబులెన్స్ నడిపిన మనిషికి ఫోన్ చేసింది. ఆవిడ తడుముకోలేదు. “మేం బండి ఆపాక వచ్చాడు. రొప్పుతున్నాడు, మోచేతుల దాకా నెత్తురు. అప్పటిదాకా అక్కడ గ్రాంట్ ఒక్కడే ఉన్నాడు.”

రేడియో పిలుపు ఏడూ ఇరవైకి వచ్చింది. పట్టణం నుంచి అంబులెన్స్ అక్కడికి చేరడానికి ఇరవై నిమిషాలు పైనే పట్టింది. ఆ ఇరవై నిమిషాలూ కర్టిస్ అడవిలోనే ఉన్నాడు. మరి ఐనార్ పడి ఉన్నాడని గ్రాంట్‌కి ఎవరు చెప్పినట్టు? దారిన పోయేవాడెవడో చెప్పి ఉంటాడు, గ్రాంట్ హడావిడిలో పొరబడి ఉంటాడు అనుకుంది. అదే నిజం కావాలని కోరుకుంది కూడా.

కోరుకోవడానికి కారణం ఉంది. పదహారేళ్ళ కిందట ఆమె రోడ్ల మీద బళ్ళాపే చిన్న డిప్యూటీ. డిటెక్టివ్ ఉద్యోగానికి ఆమె పేరు రాగానే పెద్దలంతా పెదవి విరిచారు. పాత షెరీఫ్ గదిలోకి వెళ్ళి, “ఈమెని తీసుకోకపోతే నేనూ ఉండను,” అన్నవాడు గ్రాంట్. తర్వాత పని నేర్పింది కూడా అతనే. ఆ రుణం ఆమె ఏనాడూ మరిచిపోలేదు.

లోపలికి వచ్చేసరికి కర్టిస్ అడిగాడు. “ముసలోడెలా ఉన్నాడు?”

“బానే ఉన్నాడు. బతికించింది నువ్వేనని ఆయనకి ఇవాళే తెలిసింది. అలాంటివాణ్ణి లోపలేశారా అని నన్నే నిలదీశాడు.”

కర్టిస్ మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. “కాలు ఉంచారా, తీసేశారా?”

“ఉంచారు.”

“అమ్మయ్య,” అన్నాడు గోడతోనే. “బెల్టు మరీ గట్టిగా బిగించానేమోనని రోజూ అదే ఆలోచన.”

*

సాక్ష్యాలు దాచే గదిలో బల్ల మీద రెండు విల్లులు పెట్టింది లోర్నా. ఒకటి కర్టిస్‌ది, ఒకటి ఐనార్‌ది. రెండూ కాంపౌండ్ విల్లులే. రెండు కొనలకీ గిలకలు, వాటి మీంచి నారి, అడ్డంగా ఉక్కు తీగలు. పక్కనే ప్లాస్టిక్ సంచీలో ఐనార్ తొడలోంచి తీసిన నల్ల బాణం. విల్లుల షాపు నుంచి అరువు తెచ్చిన చెక్క పలకొకటి గోడకి ఆనించి ఉంది. విల్లుని దాని మేకుకి తగిలించి పిడి తిప్పితే, మనిషి లాగినట్టే నారి వెనక్కి వస్తుంది.

పన్నెండో ఏట నుంచీ ఆమె విల్లు పట్టిన మనిషి. తుపాకీ ఎవరి చేతికైనా ఒదుగుతుంది. కాంపౌండ్ విల్లు చెప్పుల జత లాంటిది, ఒకరిది ఇంకొకరికి పట్టదు. మనిషి చేతుల పొడవు కొలిచి గిలకలు సర్దుతారు. నారి చెంప దాకా వచ్చి అక్కడ గోడకి తగిలినట్టు ఆగిపోతుంది. అంగుళం ముందుకీ రాదు, వెనక్కీ పోదు. బాణాన్ని కూడా ఆ పొడవుకే కోయించుకుంటారు.

కర్టిస్ విల్లు తగిలించి పిడి తిప్పుతుండగా తలుపు తెరుచుకుంది.

“నా కేసు నాకు తెలియకుండా విప్పుతున్నారట,” అన్నాడు గ్రాంట్ పొమరాయ్. పొట్టి మనిషి, తెల్లటి మీసం, యాభై ఎనిమిదేళ్ళకి కూడా గట్టి నడక. “షెరీఫ్‌కి నా మీద నమ్మకం పోయిందా, నీకు తొందరెక్కువైందా?”

“మీకు చెప్పే మొదలుపెడదామనుకున్నాను. మీరే వచ్చారు. రండి, ఇది చూడండి.”

“చూడ్డానికేముంది. అవే నల్ల బాణాలు, అవే ఆరెంజ్ ఈకలు. కర్టిస్ అమ్ములపొదిలో ఇంకా ఐదున్నాయి.”

“ఊళ్ళో సగం మంది అవే కొంటారు. నా దగ్గరా ఉన్నాయి. రంగు కాదు, పొడవు చూడండి.”

నారి చివరిదాకా వచ్చి ఆగింది. లోర్నా సంచీలోంచి బాణం తీసి నారికి తొడిగింది. బాణం ముందు కొస విల్లు మీద ఆనాల్సిన చోటుకి చేరనే లేదు. నాలుగు వేళ్ళ దూరం లోపలే ఆగి, కిందికి వాలి, కర్టిస్ పిడికిలి ఉండాల్సిన చోటుకి గురిపెట్టి ఉంది.

“ఈ విల్లుతో ఈ బాణం వేస్తే ముందు తన చెయ్యే తెగుతుంది. ఐనార్ విల్లుకైతే ఇంకా పొట్టి. ఇది పొట్టి చేతుల మనిషిది, గ్రాంట్.”

“దారిలో ఎవడిదో బాణం దొరికుంటుంది.”

“దొరికినా ఈ విల్లుతో వెయ్యలేడు. అదే చెబుతున్నాను. ఇంకో సంగతి. కర్టిస్‌ది డెబ్భై పౌన్ల బలం పెట్టి లాగాల్సిన విల్లు. మంచె మీంచి కిందికి అంత దగ్గరలో వేస్తే తొడ దాటి నేలలో దిగాలి. ఈ బాణం తొడలోనే ఆగింది.”

“ఎముక అడ్డొచ్చి ఉంటుంది.”

“ఎముకకి తగల్లేదన్నాడు డాక్టరు. లాగే శక్తి లేనివాడు బలం తగ్గించుకున్న విల్లు అది. అందుకే ఐనార్ బతికాడు. విల్లు మెత్తనిది కావడమే ఆయన అదృష్టం.”

గ్రాంట్ మీసం దువ్వుకున్నాడు. “నేను కోర్టుకి పంపిన కేసుని ఇంతవరకూ ఎవరూ వెనక్కి తేలేదు. ఆ బ్యాడ్జి నీకు ఎవరిప్పించారో గుర్తుందా?”

“గుర్తుంది. రోజూ పెట్టుకునేటప్పుడు గుర్తొస్తుంది. అందుకే షెరీఫ్ దగ్గరికి పోకుండా ముందు మీతో చెబుతున్నాను.”

ఆ మాటకి అతను చూపు తిప్పుకున్నాడు. “ఇప్పుడేమంటావ్?”

“మంచె చూడాలి. మీరు చూసి ఉంటారుగా?”

“నేనెక్కలేదు. ఆ రోజు కింద పనితోనే సరిపోయింది. ఒక డిప్యూటీని పైకి పంపాను. ఏమీ లేదన్నాడు,” అన్నాడు గ్రాంట్. “పద, నేనూ వస్తాను. నీ ముచ్చటెందుకు కాదనాలి.”

*

రోడ్డు పక్కన బండి ఆపి ఇద్దరూ దేవదారు చెట్ల మధ్యలోంచి నడిచారు. మధ్యాహ్నమైనా గడ్డి మీద మంచు కరగలేదు. మంచె కింద నేల మీద ఇంకా గోధుమరంగు మచ్చ ఉంది. లోర్నా నిచ్చెన మీద చెయ్యి వేసింది.

“జరుగు. నువ్వు జారిపడితే షెరీఫ్ నన్ను తింటాడు,” అని గ్రాంట్ ముందుకొచ్చాడు.

మొదటి మెట్టు. రెండో మెట్టు. ఆ తర్వాత మోకాలు దాదాపు గడ్డం దాకా ఎత్తి నాలుగో మెట్టు మీద కాలు పెట్టాడు. పొట్టి మనిషికి అది చాలా ఎత్తు. కుడి భుజం మీద బరువు పడి పళ్ళ మధ్య నుంచి గాలి పీల్చాడు. కిందికి మాత్రం చూడలేదు. చూసుకోవాల్సిన అవసరం లేనట్టు, ఇంట్లో మెట్లు ఎక్కినట్టు ఎక్కాడు.

మూడో మెట్టు మిగతావాటిలాగే ఉంది. చెక్క కొత్తది, మేకు తల కనిపించడం లేదు. ఎక్కి, అది పాదం కింద తిరిగినవాడికి తప్ప ఎవరికీ తెలియదు.

లోర్నా నిచ్చెన మీంచి చెయ్యి తీసేసింది. మొన్న వేసవిలో గ్రాంట్ భుజానికి ఆపరేషన్ జరిగింది. బరువైన విల్లు లాగొద్దన్నారని, తేలికది కొన్నానని ఆఫీసులో అతనే చెప్పాడు. అతను మళ్ళీ పనిలోకి వచ్చినందుకు అందరూ కలిసి కేక్ కోశారు. ఆమె కూడా ఒక ముక్క తింది.

“ఏం లేదిక్కడ,” అన్నాడు పైనించి.

“విల్లు తగిలించే కొక్కెం ఉందా?”

“ఉంది. పైన. తుప్పు పట్టింది.”

అది ఐనార్‌ది. ఆయన చెయ్యెత్తితే అందే ఎత్తులో ఉంది. దానికి జానెడున్నర కింద చెట్టు బెరడులో ఇంకో కొక్కెం కొత్తగా మెరుస్తోంది. లోర్నాకి కింది నుంచే కనిపించింది. అతని భుజం పక్కనే ఉన్నా అతను దాని వైపు చూడలేదు.

చుట్టూ గాలి తప్ప చప్పుడు లేదు. ఫోన్ పలకని చోటు. అతని నడుముకి తుపాకీ ఉంది, ఆమె నడుముకీ ఉంది. అతను పైనున్నాడు.

“ఏంటలా చూస్తున్నావ్?” అన్నాడు గ్రాంట్.

“ఏం లేదు. దిగేటప్పుడు జాగ్రత్త.”

అతను దిగాడు. నాలుగో మెట్టు మీంచి మళ్ళీ రెండో మెట్టుకే. ఇద్దరి కళ్ళూ ఒకసారి కలిశాయి. అడగాలంటే అక్కడే అడగొచ్చు. కానీ ఆమె ఇంకొకటి ఆలోచించింది. ఈ మనిషి పారిపోయాడు. పారిపోయిన కాళ్ళతోనే రేడియో దగ్గరికి కూడా వెళ్ళాడు. అతనిలో ఆ సగం ఇంకా ఎక్కడో ఉండే ఉంటుంది.

“ఐనార్ మిమ్మల్ని చూడాలంటున్నాడు. దారిలోనే కదా, వెళ్దాం,” అంది.

“నాకు పనుంది.”

“మూడుసార్లు కబురు పెట్టాడట. మనిషి థాంక్స్ చెబుతానంటే వినడానికి కష్టమేముంది?”

దారిలో గ్రాంట్ ఒకసారి, “ఆయన కోలుకుంటాడా?” అని అడిగాడు. “కోలుకుంటాడు,” అంది లోర్నా.

*

గ్రాంట్‌ని గుమ్మంలో చూడగానే ఐనార్ మంచం మీద లేచి కూర్చోబోయాడు. లేవలేక రెండు చేతులూ చాపాడు. గ్రాంట్ ఇంకెటూ పోలేక దగ్గరికెళ్ళాడు. ఐనార్ అతని చేతిని తన రెండు చేతుల మధ్య పెట్టుకున్నాడు.

“వచ్చావా. చెప్పకుండా పోతానేమోనని బెంగ పెట్టుకున్నాను. నువ్వు ఆ పొద్దున ఆ రోడ్డు మీద లేకపోతే ఇవాళ నేను మట్టిలో ఉండేవాణ్ణి. నా కూతురు చికాగో నుంచి వచ్చి రెండు రోజులు ఈ కుర్చీలోనే నిద్రపోయింది. దాని మొహం మళ్ళీ చూశానంటే నీ వల్లే. మాటలు చాలవు గ్రాంట్.”

“ఎవరైనా చేసేదే,” అన్నాడు గ్రాంట్. చెయ్యి వెనక్కి తీసుకోబోయాడు. ముసలాయన వదల్లేదు.

“చెయ్యరు. చూసీ చూడనట్టు పోయేవాళ్ళు ఎంతమంది లేరు. అవునూ, నేనక్కడ పడున్నానని నీకెవరు చెప్పారు? కర్టిస్ అప్పుడు నా దగ్గరే ఉన్నాడు కదా. ఆ మనిషికి కూడా ఒక మాట చెప్పుకోవాలి.”

లోర్నా కిటికీ దగ్గర కదలకుండా నిలబడింది. ఆమె ఇలా అడగమని చెప్పలేదు. ఆయన అడుగుతాడని మాత్రం తెలుసు.

గ్రాంట్ చెయ్యి లాక్కోవడం మానేశాడు. తన చేతిని పట్టుకున్న ఆ పెద్ద ముడతల చేతుల వైపు చూస్తూ ఉండిపోయాడు.

“ఎవరూ చెప్పలేదు,” అన్నాడు.

“మరి?”

“ఎవరూ చెప్పక్కర్లేదు ఐనార్. మంచె మీద నేనే ఉన్నాను. నీ స్థలంలో తిరిగే ఆ పెద్ద కొమ్ముల జింక కోసం నాలుగు రోజులుగా వస్తున్నాను. వెలుతురు రాకముందే బాణం వదిలాను. వదలకూడదని నాకు తెలుసు. అలా వదిలినవాళ్ళకి జరిమానాలు రాసినవాణ్ణి నేను. అరుపు వినేదాకా మనిషివని తెలియలేదు. భయమేసి పరిగెత్తాను. బండి దగ్గర రేడియో అందుకున్నాను. అంతవరకే సరిగ్గా చేశాను. కర్టిస్ నెత్తుటి చేతులతో బయటికి రాగానే, ఇక నన్నెవరూ అడగరనిపించింది.”

ఐనార్ మొహంలో రంగు మారింది. పట్టు సడలింది గానీ చెయ్యి అక్కడే ఉంది.

“రేడియోలో చెప్పింది నువ్వే కదా?” అన్నాడు.

“నేనే.”

“అయితే దానికి చెప్పిన థాంక్స్ వెనక్కి తీసుకోను. చెప్పేశాను, అది నీదే. తొడ సంగతి కోర్టు చూసుకుంటుంది. కానీ నన్ను బతికించినవాణ్ణి జైల్లో కూర్చోబెట్టావు చూడు, అది నాతో చెబితే తీరదు. వాడి దగ్గరికెళ్ళి నీ నోటితో చెప్పు.” ఆయన ఇప్పుడు చెయ్యి వదిలేశాడు. “వెళ్ళు. చీకటి పడకముందే వాడు ఇంటికి పోవాలి.”

గ్రాంట్ తుపాకీ, బ్యాడ్జి తీసి లోర్నాకి ఇచ్చాడు. ఆమె బేడీలు వెయ్యలేదు. “మెట్టు దగ్గరే తెలిసింది కదూ?” అని అడిగాడు మెల్లగా.

“అవును.”

“అక్కడే పట్టుకోవచ్చు కదా.”

“పట్టుకోవచ్చు. మీరే చెబుతారేమోనని చూశాను. మీకు నేను బాకీ ఉన్నది అంతే గ్రాంట్. ఇక ఏమీ లేదు.”

బయట బండి దగ్గరికొచ్చాక అతను అలవాటుగా ముందు తలుపు పిడి మీద చెయ్యి వేశాడు. మళ్ళీ చెయ్యి తీసి, వెనక తలుపు తెరుచుకుని కూర్చున్నాడు. లోర్నా బండిని జైలు వైపు తిప్పింది.